థామ్ యార్క్ ఆల్బమ్ ‘ది ఇరేజర్’ సీడీని ఒకాయన స్పెషల్ ఎడిషన్ అని అమ్ముతున్నాడు, మూడింతలు పెట్టి కొనొచ్చా?

గిటార్‌చెవి:
నేను బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌ని ‘ది బెండ్స్’, ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్‌ల వైపు నుంచి వచ్చి విన్నవాణ్ణి, అంటే గిటార్లు మోగాలి, డ్రమ్మర్ చెమటోడ్చాలి, అప్పుడే నాకు పాట. గిటార్లు తగ్గించి ఎలక్ట్రానిక్ వైపు వెళ్లిన వాళ్ల ‘కిడ్ ఏ’ ఆలస్యంగానైనా తలకెక్కింది. వాళ్ల గాయకుడు థామ్ యార్క్ 2006లో ఒక్కడే చేసిన ‘ది ఇరేజర్’ మాత్రం స్ట్రీమింగ్‌లో ఎప్పుడు పెట్టినా నాలుగో పాట దాకా వెళ్లి ఆగిపోతాను, అయినా వదలబుద్ధి కాదు, ఏదో ఉందని తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒకాయన ఈ సీడీని “స్పెషల్ ఎడిషన్, చాలా అరుదు” అని పెట్టి మామూలు రేటుకి మూడింతలు అడుగుతున్నాడు. ఫొటోల్లో ప్లాస్టిక్ డబ్బా లేదు, మడతలు విప్పితే పొడుగ్గా తెరుచుకునే అట్ట కవరు, దాని నిండా నలుపు తెలుపు బొమ్మ. చూడ్డానికి అదిరిపోయింది. ఎక్స్‌ట్రా పాటలున్నాయా అని అడిగితే “కలెక్టర్స్ కాపీ సార్” అంటాడు, ఎన్నిసార్లు అడిగినా అదే పాట. అసలు ఇందులో స్పెషల్ ఏంటి? కొంటే సౌండ్‌లో తేడా ఏమైనా తెలుస్తుందా? ఇంకోటి, నాలాంటి గిటార్ చెవికి ఈ ఆల్బమ్ ఏ పాటతో మొదలుపెడితే ఎక్కుతుందో చెప్పండి.

రనౌట్‌గాడు:
ఆగండి ఆగండి, డబ్బు కట్టకండి. మీరు చెప్పిన ఆ మడతల అట్ట కవరు 2006లో ఎక్స్ఎల్ రికార్డింగ్స్ వాళ్లు వేసిన మామూలు సీడీదే. స్పెషల్ లేదు, తొక్కా లేదు. చాలామంది ఆ కవరు చూసి ఇదేదో ప్రత్యేకం అనుకుంటారు, అమ్మేవాళ్లకి అదే కావాలి. లోపల 9 పాటలు, దాదాపు 41 నిమిషాలు, స్ట్రీమింగ్‌లో మీరు విన్నవే.

ఆయన్ని రెండు ఫొటోలు అడగండి: కవరు అంచు మీద ఉండే కేటలాగ్ నంబరు ఒకటి, డిస్కు వెనకవైపు మధ్య రంధ్రం చుట్టూ లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే కనబడే సన్నటి అక్షరాలు ఇంకోటి. ఆ రెండూ డిస్కాగ్స్‌లో (రికార్డులూ సీడీల వివరాలుండే వెబ్‌సైట్) కొట్టి చూస్తే ఏ దేశంలో ఏ ఏడాది ప్రెస్ చేసిందో బయటపడుతుంది. ఫొటో పంపడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

సౌండ్ సంగతి, ఇది ఎక్కువగా కంప్యూటర్‌లో ముక్కలు అతికి చేసిన ఆల్బమ్, అందుకే “ఎనలాగ్ వెచ్చదనం” అంటూ వైనిల్‌కి ఎక్కువ చెప్పినా పడిపోవద్దు. వైనిల్ నచ్చితే వైనిల్ కొనుక్కోండి, దాని సరదా దానిది, అంతేగానీ సీడీలో వినబడని శబ్దం ఏదో అక్కడ దాక్కుని ఉంటుందని మాత్రం కాదు.

అర్ధరాత్రి_లూప్:
పైన చెప్పింది కరెక్టే. కానీ అడిగినాయన మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నాకు అదే అసలు ప్రశ్న అనిపిస్తోంది.

గిటార్‌చెవి గారూ, మీరు ‘బ్లాక్ స్వాన్’తో మొదలెట్టండి. అంటే మీరు ఆగిపోతున్న ఆ నాలుగో పాటతోనే! అందులో తిరుగుతూ ఉండే రిథమ్ రేడియోహెడ్ వాళ్లదే, ఎడ్ ఓబ్రయన్, ఫిల్ సెల్వే ఎప్పుడో వాయించిన ముక్కని తీసి యార్క్ లూప్ చేశాడు, అంటే అదే ముక్క మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. కాబట్టి మీకు కావలసిన గిటార్ మనిషీ, డ్రమ్మరూ ఇద్దరూ అందులో ఉన్నారు, కాకపోతే ఒక్క చోటే తిరుగుతుంటారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ముందు మాటలు పట్టించుకోకుండా ఆ లూప్ ఒక్కటే వినండి. అది మారదు. దాని మీద గొంతు మాత్రం ప్రతిసారీ కొంచెం వేరేచోట దిగుతుంది, కోపం ఎక్కడా అరుపుగా మారదు. రాక్ పాటలో ఈపాటికి కోరస్ పేలి ఉండేది, ఇక్కడ ఆ పేలుడు రానివ్వడు, మీకు ఉక్కగా అనిపిస్తున్నది అందుకే అనుకుంటా.

టైటిల్ పాటలో పియానో కూడా అలాంటిదే, రేడియోహెడ్‌లోని జానీ గ్రీన్‌వుడ్ పియానో మీద వాయించిన కార్డ్స్‌ని యార్క్ డిక్టాఫోన్‌లో (చేతిలో పట్టే చిన్న రికార్డర్) రికార్డు చేసుకుని తర్వాత ముక్కలు చేసి పేర్చుకున్నాడు. ‘అండ్ ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్’లో ‘హెయిల్ టు ద థీఫ్’ ఆల్బమ్‌లోని ‘ద గ్లోమింగ్’ ముక్క ఒకటి నలిగిపోయి ఉంది, చెప్తే తప్ప ఎవరూ గుర్తుపట్టలేరు. సోలో అన్న మాటే ఆయనకి నచ్చలేదు, వింటే ఎందుకో తెలుస్తుంది, బ్యాండంతా అక్కడక్కడా తునకలుగా ఉంది కదా.

ఇక నైజల్ గాడ్రిచ్. ప్రొడ్యూసర్ ఆయనే, రేడియోహెడ్‌కీ ఆయనే. గొంతు మీద రివర్బ్, అంటే ప్రతిధ్వని, బాగా తగ్గించి పొడిగా, ముందుకి తెచ్చి పెట్టించాడు. ‘కిడ్ ఏ’లో ఎక్కడో గోడవతల నుంచి వచ్చినట్టుండే గొంతు ఇక్కడ చెవి పక్కన ఉంటుంది, ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. ‘హారోడౌన్ హిల్’ ఒక్కసారి రాత్రిపూట లైట్లు తీసేసి వినండి. 2003లో ఇరాక్ ఆయుధాల గొడవలో నలిగిపోయిన బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ కెల్లీ శవం దొరికిన చోటు అది. ఆ సంగతి తెలిశాక వింటే బేస్ మీద అంత హుషారుగా నడుస్తున్న పాట ఎందుకంత భయం పుట్టిస్తుందో అర్థమవుతుంది. నా వరకు యార్క్ రాసిన వాటిలో అంత సూటి పాట ఇంకోటి లేదు.

లైనోసిరా:
రనౌట్‌గాడు గారితో సగమే ఏకీభవిస్తాను. ధర అన్యాయం, సరే. “స్పెషల్ లేదు” అనడం మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఆ అట్ట మీదున్న బొమ్మ ఫోన్ స్క్రీన్ మీద బొటనవేలంత కనబడి పోయేది కాదు. స్టాన్లీ డాన్‌వుడ్ చేసిన లైనోకట్ అది, పేరు ‘లండన్ వ్యూస్’. లినోలియం పలకని ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చుగుద్దుతారు. చెక్కింది తెల్లగా వస్తుంది, వదిలేసింది నల్లగా వస్తుంది, చెయ్యి జారితే దిద్దుకోవడం ఉండదు. విప్పి టేబుల్ మీద పరిచి చూడండి: లండన్ కట్టడాల మీదికి నీళ్లు సుడులు సుడులుగా, ఒక్కో అల గీతలు గీతలుగా, ఒక చివర చెయ్యెత్తి నిలబడ్డ మనిషి. సముద్రాన్ని ఆగమన్నాడని కథ ఉన్న క్యాన్యూట్ రాజు ఆయన. 2004లో కార్న్‌వాల్‌లోని బాస్‌కాసిల్ ఊరిని వరద ముంచేసింది, దాన్ని చూసి చెక్కింది ఈ బొమ్మ. అందుకని మామూలు సీడీ అయినా సరే, అట్ట కవరుతో ఉన్నదే కొనమంటాను. మామూలు ధరకి.

గిటార్‌చెవి:
ఫొటోలు అడిగాను. “డిస్కు సీల్‌లో ఉంది, తియ్యను” అన్నాడు. ముందు పంపిన ఫొటోల్లో కవరు విప్పి పరిచి ఉంది కదా స్వామీ అంటే చదివి ఊరుకున్నాడు 😂

‘బ్లాక్ స్వాన్’ మళ్లీ విన్నాను, లూప్ ఒక్కటే వింటూ. బాగుంది. ఇంకా పిచ్చెక్కలేదు గానీ మొదటిసారి చివరిదాకా విన్నాను. మరి నిజంగా ఎక్స్‌ట్రా పాటలు కావాలంటే ఎక్కడ?

బీ‌సైడ్_బాబాయ్:
ఫ్యాన్స్ నన్ను తిడతారు గానీ, ఈ ఆల్బమ్ సెకండాఫ్‌లో కొంచెం జారుతుంది, ‘స్కిప్ డివైడెడ్’ నాకు ఈరోజుకీ సగం చేసి వదిలేసిన పాటలానే వినబడుతుంది. బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్‌కి నామినేట్ అయినంత మాత్రాన ప్రతి పాటా గొప్పదని కాదు.

ఎక్స్‌ట్రాలకి స్పెషల్ ఎడిషన్ వెతకడం దండగ. సింగిల్స్ వెనక వేసిన పాటలన్నీ కలిపి 2006లోనే జపాన్‌లో ‘స్పిటింగ్ ఫెదర్స్’ అని ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు, వేశారు. ‘జెట్‌స్ట్రీమ్’, ‘ఎ ర్యాట్స్ నెస్ట్’ లాంటివీ, ‘హారోడౌన్ హిల్’ పొడుగు వెర్షనూ అందులో ఉంటాయి. రీమిక్స్‌లు వేరే, 2008లో వచ్చాయి: బరియల్, ఫోర్ టెట్, మోడ్‌సెలెక్టర్, ద బగ్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్లు చేసినవి. బరియల్ ఆ వాన పాటకి (‘అండ్ ఇట్ రెయిన్డ్ ఆల్ నైట్’) చేసింది ఒరిజినల్ కన్నా నాకు ఎక్కువ ఇష్టం, కొట్టుకుందాం రండి.

గిటార్ చెవికి అసలు మందు మాత్రం ఇంకోటుంది. 2009లో యార్క్ ఈ పాటల్ని స్టేజీ మీద వాయించడానికి ఒక బ్యాండ్ కట్టాడు, బేస్ మీద రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బ్యాండ్‌లోని ఫ్లీ, డ్రమ్స్ మీద జోయీ వారంకర్, పెర్కషన్‌కి మౌరో రెఫోస్కో, గాడ్రిచ్ కూడా ఎక్కాడు. తర్వాత ఈ ఆల్బమ్‌లోని పాట పేరే, ‘ఆటమ్స్ ఫర్ పీస్’ అని, బ్యాండ్‌కి పెట్టుకున్నారు. ఆ లైవ్ వీడియోల్లో ‘ద క్లాక్’ చూడండి, లాప్‌టాప్‌లో బిగుసుకుని ఉన్న పాటని ఫ్లీ ఎలా గంతులేయిస్తాడో. అవి చూశాక కూడా సీడీ కొనాలనిపిస్తే అప్పుడు వెతుకుదాం, అట్ట కవరుది మామూలు రేటుకి దొరికితే ఇక్కడే లింక్ పెడతాను.