ప్రసంగంలో సినిమా సీన్లు చెప్పడం సరైనదేనా?

ప్రశ్న: మాది లూథరన్ సంఘం. ఈమధ్య పాస్టర్ గారు ప్రతి ఆదివారం ఏదో ఒక సినిమా సీనుతో మొదలుపెడుతున్నారు, యూత్ బాగానే వింటున్నారు గానీ ఇంటికెళ్లాక గుర్తుండేది సీనే, బైబిల్ వాక్యం కాదు. అడిగితే మా లూథరన్ సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ కూడా కీర్తనలకి తాగుబోతుల పాటల రాగాలు వాడాడు అంటున్నారు. నిజమేనా?

జవాబు: తాగుబోతుల పాటల మాట కట్టుకథ అండీ. 1535లో ఒక క్రిస్మస్ పాటకి మాత్రం జనంలో ఉన్న రాగం తీసుకున్నాడు, 1539కల్లా దానికీ కొత్త రాగం వచ్చింది.

జవాబు: రాగం సంగతి సరే. లూథరన్ ప్రసంగంలో చూడాల్సింది రెండు: ధర్మశాస్త్రం, అంటే మన పాపాన్ని చూపించే దేవుని ఆజ్ఞలు; సువార్త, అంటే క్రీస్తు మన కోసం చేసినదాని శుభవార్త. మనిషి పగని, భయాన్ని సినిమాలు బాగానే చూపిస్తాయి కాబట్టి మొదటిదానికి పనికొస్తాయి. కానీ హీరో త్యాగం చెప్పి "మీరూ ఇలాగే ఉండండి" అని ముగిస్తే అది సువార్త కాదు, ఇంకో ఆజ్ఞ. క్రీస్తు మన కోసం ఏం చేశాడన్నది ఎక్కడ?

అడిగినవారు: మా దగ్గర జరిగేది సరిగ్గా ఇదే బ్రదర్!

జవాబు: అలాగని సినిమాలే పాపం అనేయకండి. చర్చి బయటి పని కూడా దేవుడిచ్చిన పిలుపేనని లూథర్ బోధ, అది సినిమా తీసేవాళ్లకీ వర్తిస్తుంది. రెండు నిమిషాల సీనైతే నాకు ఓకే, కథంతా చెప్పేస్తే మాత్రం నేను టికెట్ కొని చూసుకుంటాను కదా.