బ్యూటేన్‌లో ఆరున్నర, సున్నంలో మూడో సమీకరణం: పదో తరగతి సందేహాలు

ప్రశ్న (విద్యార్థిని తల్లి):
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి. రసాయన సమీకరణాలంటే టెన్షన్ పడుతోంది. పుస్తకంలో ఉన్నవన్నీ కంఠతా వచ్చు, కొత్తది ఇస్తే మాత్రం కదలడం లేదు. ఇప్పుడు రెండు చోట్ల ఆగింది. ఒకటి, వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ మండే సమీకరణం. తుల్యం చేస్తుంటే, అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేస్తుంటే, ఆక్సిజన్ ఆరున్నర వస్తోందట. రెండోది, గోడకు వేసిన సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌తో జరిపే చర్య. అది సంయోగమా, ద్వంద్వ వియోగమా అని అడుగుతోంది. నేను చదివింది కామర్స్. కాస్త విడమరిచి చెప్పగలరా?

జవాబు (సైన్స్ టీచర్):
అమ్మా, ఆరున్నర వచ్చిందంటే పాప లెక్క సరిగ్గానే చేసింది. ఒక్క అడుగే మిగిలింది.

సి4హెచ్10 + ఓ2 → సిఓ2 + హెచ్2ఓ

ముందు కార్బన్ చూడాలి. ఎడమవైపు నాలుగు ఉన్నాయి కాబట్టి కుడివైపు 4 సిఓ2. తర్వాత హైడ్రోజన్. పది ఉన్నాయి, ఒక్కో నీటి అణువుకు రెండు చొప్పున 5 హెచ్2ఓ. ఆక్సిజన్ విడిగా ఉన్న మూలకం కాబట్టి దాన్ని ఎప్పుడూ చివరికి ఉంచుకోవాలి. కుడివైపు మొత్తం 8 + 5 = 13 ఆక్సిజన్ పరమాణువులు. ఒక్కో ఓ2లో రెండుంటాయి, అందుకే ఆరున్నర. సగం అణువు ఉండదు కాబట్టి సమీకరణం మొత్తాన్ని రెండుతో గుణిస్తే సరి:

2 సి4హెచ్10 + 13 ఓ2 → 8 సిఓ2 + 10 హెచ్2ఓ

నమ్మకం కుదరకపోతే బరువులు కూడి చూడమనండి. ఎడమవైపు 116 + 416 = 532. కుడివైపు 352 + 180 = 532. ద్రవ్యనిత్యత్వ నియమం అంటే ఇదే. సమీకరణాన్ని తుల్యం చేయమనేది కూడా ఇందుకే.

ఒక్క జాగ్రత్త. ఫార్ములా ముందున్న గుణకాన్నే మార్చాలి, లోపలి చిన్న అంకెను ముట్టుకోకూడదు. ఆక్సిజన్ తగ్గిందని హెచ్2ఓను హెచ్2ఓ2 చేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. లెక్క కుదురుతుంది, పదార్థమే మారిపోతుంది.

ఇక సున్నం. పాప మంచి ప్రశ్న అడిగింది. ఆ ఒక్క చర్యనే కాకుండా మూడింటినీ వరసగా చూడమనండి.

బట్టీలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. కాల్షియం కార్బోనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డై ఆక్సైడ్. ఒకటి విడిపోయి రెండయింది, కాబట్టి రసాయన వియోగం. మంట పెడుతూనే ఉండాలి, కాబట్టి ఉష్ణగ్రాహకం. 100 గ్రాముల రాయికి 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది, 44 గ్రాములు గాలిలో కలుస్తాయి.

ఆ పొడిసున్నంలో నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, ఆవిర్లు కక్కుతుంది. 56 గ్రాములకు 18 గ్రాముల నీరు చేరి 74 గ్రాముల తడిసున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. రెండు కలిసి ఒకటయ్యాయి, రసాయన సంయోగం. వేడి బయటికి వచ్చింది, ఉష్ణమోచకం. (దీన్ని పిల్లల చేత చేయించకండి. చిటుక్కున ఎగిరి కంట్లో పడితే చాలా ప్రమాదం.)

మూడోది గోడ మీద జరిగేది:

కాల్షియం హైడ్రాక్సైడ్ + కార్బన్ డై ఆక్సైడ్ → కాల్షియం కార్బోనేట్ + నీరు

74 గ్రాముల తడిసున్నం గాలి నుంచి 44 గ్రాములు తీసుకుని, 18 గ్రాముల నీటిని వదిలి, మళ్లీ 100 గ్రాముల సున్నపురాయి అవుతుంది. బట్టీలో పోయినదంతా తిరిగి వచ్చేసింది. సున్నం వేసిన రెండు మూడు రోజులకు గోడ మెరిసేది అందుకే.

ఇక రకం. చర్యలో ఏర్పడిన పదార్థం, అంటే క్రియాజన్యం, ఒక్కటే కాదు కాబట్టి ఇది సంయోగం కాదు. ద్వంద్వ వియోగంలో రెండు సమ్మేళనాలు అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) మార్చుకుంటాయి. ఇక్కడ కార్బన్ డై ఆక్సైడ్‌లో మార్చుకోవడానికి అయాన్లే లేవు. ఇది ఆమ్ల స్వభావం ఉన్న అలోహ ఆక్సైడ్ క్షారంతో కలిసి లవణాన్నీ నీటినీ ఇచ్చే చర్య, తటస్థీకరణం లాంటిది. పిల్లలకు నాలుగు రకాలు నేర్పి ప్రతి చర్యనూ వాటిలోనే ఇరికించమనడం నాకు నచ్చదు. ముందు ఏ పరమాణువు ఎటు వెళ్లిందో చూడాలి, పేరు ఆ తర్వాత.

వ్యాఖ్య (నిమ్మ రైతు):
మాస్టారూ, మేం చెట్లకు తెగుళ్లు రాకుండా కొట్టే బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు చేసేది కూడా ఇలాంటిదేనా? ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి, తర్వాత ఒకటి చేస్తాం. చివర్లో బాగా రుద్దిన ఇనప కొడవలి ముంచి చూస్తాం. ఎర్రగా పూత పడితే ఇంకాస్త సున్నం వేస్తాం, లేకపోతే ఆకు మాడుతుంది. ఆ ఎరుపు ఏమిటో ఎవరూ చెప్పలేదు.

జవాబు (సైన్స్ టీచర్):
అన్నా, ఆ ఎరుపు రాగి. మీ డ్రమ్ములో రెండు రకాల చర్యలున్నాయి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. సున్నంతో కలిసినప్పుడు, సులువుగా రాస్తే, కాపర్ హైడ్రాక్సైడ్, కాల్షియం సల్ఫేట్ వస్తాయి. అయాన్ల మార్పిడి కాబట్టి ఇది ద్వంద్వ వియోగం. కాపర్ హైడ్రాక్సైడ్ నీటిలో కరగదు, నీలంగా అవక్షేపమవుతుంది.

సున్నం చాలకపోతే కొంత రాగి కరిగే ఉంటుంది. అప్పుడు కొడవలిలోని ఇనుము దాన్ని నెట్టేసి ద్రావణంలోకి దిగుతుంది, రాగి కొడవలికి అంటుకుంటుంది. ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఫెర్రస్ సల్ఫేట్ + రాగి. ఇది స్థానభ్రంశం. ఇనుముకు చర్యాశీలత ఎక్కువ కాబట్టి జరిగింది. రాగి చెంబును ఫెర్రస్ సల్ఫేట్‌లో ముంచితే ఏమీ జరగదు. ఇనప డ్రమ్ములో ఈ మందు కలపకూడదనేది కూడా ఇందుకే.

ప్రశ్న (విద్యార్థిని తల్లి):
ఇద్దరికీ ధన్యవాదాలు. పాప ఇదంతా చదివి ఇంకొకటి ఇమ్మంటోంది. ఆక్సీకరణం కూడా అడగాలట.

జవాబు (సైన్స్ టీచర్):
ఎర్రగా కాలిన ఇనుము మీదికి నీటి ఆవిరి పంపితే ఎఫ్ఈ3ఓ4 (ఇనుము ఆక్సైడ్), హైడ్రోజన్ వస్తాయి. తుల్యం చేసి, రకం రాసి, ఏది ఆక్సీకరణం చెందిందో చెప్పమనండి.

ప్రశ్న (విద్యార్థిని తల్లి):
గుణకాలు వరసగా 3, 4, 1, 4 వచ్చాయట. స్థానభ్రంశం. ఇనుము ఆక్సిజన్‌ను తీసుకుని ఆక్సీకరణం చెందింది, నీరు ఆక్సిజన్‌ను పోగొట్టుకుని క్షయకరణం చెందింది అంటోంది.

జవాబు (సైన్స్ టీచర్):
అన్నీ సరిగ్గా ఉన్నాయి. పరీక్షలో భౌతిక స్థితులు కూడా రాయమనండి. ఇక్కడ నీటి పక్కన ద్రవం అని రాయకూడదు, అది ఆవిరి కాబట్టి వాయువు అనే రాయాలి.