నాలుగు నెలలు కదలని బండి బ్యాటరీకి ఏ ఛార్జర్ పెట్టి వెళ్లాలి?

సందేహం: 350 సీసీ బండి, 12 వోల్టుల 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో పట్టే ఛార్జి కొలత) సీల్డ్ బ్యాటరీ. ఏప్రిల్ నుంచి జులై దాకా ఊళ్లో ఉండను. బండి విజయవాడలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది, పక్కనే ప్లగ్ పాయింటు ఉంది. కారు బ్యాటరీకి వాడే 6 ఆంపియర్ల పాత ఛార్జర్ ఇంట్లో ఉంది. అది పెట్టేసి వెళ్లొచ్చా? నాన్నగారు ఇంట్లోనే ఉంటారు గానీ బండి నడపరు.

జవాబు: అది వద్దు. 8 ఏహెచ్ బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే 0.8 ఆంపియర్ చాలు. ఒక ఆంపియర్ దాకా ఫర్వాలేదు. అయితే నెలల తరబడి ప్లగ్‌లో ఉంచేదానికి ఆంపియర్ల కంటే ముఖ్యం, బ్యాటరీ నిండాక ఛార్జర్ ఏం చేస్తుందన్నది. 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి, నిండగానే 13.5 దగ్గరికి దిగిపోవాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్లు దిగవు, 15 దాటిపోతాయి కూడా. సీల్డ్ బ్యాటరీలో నీళ్లు పోసే దారి లేదు. లోపలి తడి గ్యాసై వాల్వులోంచి పోతుంది, బ్యాటరీ వేడెక్కి పక్కలు ఉబ్బుతాయి. ఆ తర్వాత బాగుచేయడానికేమీ ఉండదు.

డబ్బా మీద ‘స్మార్ట్’ అని రాసి ఉందని నమ్మొద్దు. పచ్చ లైటు వచ్చిన మర్నాడు, ఛార్జర్ తగిలించి ఉండగానే మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టి చూడండి. 13.2 నుంచి 13.8 మధ్య ఉంటే మంచిది. కొన్ని ఛార్జర్లు పూర్తిగా ఆగిపోయి, వోల్టేజి పడ్డాక మళ్లీ ఎక్కిస్తాయి, వాటికి 12.9 కనబడినా తప్పు కాదు. ఇంకా 14.4 చూపిస్తుంటే మాత్రం అది రాత్రిపూట పెట్టి పొద్దున్నే తీసేయాల్సిన ఛార్జర్, వదిలి వెళ్లేది కాదు.

ఇంకొకరి జవాబు: పైన చెప్పిన అంకెలన్నీ 25 డిగ్రీల లెక్క. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డంటే 40 పైనే. ఒక్కో డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టులు తగ్గించాలి. 15 డిగ్రీలు పెరిగితే 0.3 వోల్టు, అంటే 13.5 కాస్తా 13.2 కావాలి. కొనేటప్పుడు టెంపరేచర్ కాంపెన్సేషన్, అంటే వేడిని బట్టి వోల్టేజి తనే తగ్గించుకునే ఏర్పాటు ఉందా అని అడగండి, లేకపోతే ఆగి ఆగి ఎక్కించే రకం తీసుకోండి.

రెండోది కరెంటు కోతలు. బటన్ నొక్కి మోడ్ ఎంచుకునే ఛార్జర్లలో కొన్ని, కరెంటు పోయి వస్తే తమంతట తాము మొదలవ్వవు, స్టాండ్‌బైలో కూర్చుంటాయి. పైగా కొన్నిటి లైటు బ్యాటరీ నుంచే వెలుగుతుంది. ఎక్కించాల్సిందే ఖాళీ చేస్తుందన్నమాట! కొన్న రోజే స్విచ్ ఆపి వేసి చూడండి. మళ్లీ నొక్కాల్సి వస్తే వాపసు ఇచ్చేయండి.

సందేహం: సీటెక్ ఎక్స్‌ఎస్ 0.8 అనే ఛార్జర్ చూశాను. సరిపోతుందా? బండికి జీపీఎస్ ట్రాకర్ కూడా ఉంది.

జవాబు: దాని సైజు మీ బ్యాటరీకి సరిగ్గా సరిపోతుంది, 32 ఏహెచ్ దాకా ఛార్జి చేస్తుంది. ట్రాకర్ సంగతి చూసుకోండి. అది 20 మిల్లీఆంపియర్లు లాగుతుంటే రోజుకి 0.48 ఏహెచ్, అంటే 17 రోజుల్లో మీ బ్యాటరీ మొత్తం ఖాళీ. దాన్ని ఉంచుకోవాలంటే ఛార్జర్ తప్పదు.

మరొకరి మాట: నన్నడిగితే, ఇంట్లో మనిషి ఉన్నప్పుడు నాలుగు నెలలు ప్లగ్‌లో ఉంచాల్సిన పనే లేదు. ట్రాకర్ లేకపోయినా ఫర్వాలేదనుకుంటే బ్యాటరీ విప్పి లోపల చల్లటి గదిలో పెట్టండి. ఈ రకం బ్యాటరీ 25 డిగ్రీల్లో నెలకి 3 శాతం దానంతటదే దిగుతుంది. ప్రతి పది డిగ్రీలకి అది రెట్టింపవుతుంది, అందుకే షెడ్డులో కాదు ఇంట్లో అంటున్నాను. నెలకోసారి నాన్నగారు రాత్రి ఛార్జి పెట్టి పొద్దున్న తీస్తే చాలు. కిటికీ తెరిచి ఉండాలి, పరుపు మీదా బట్టల మీదా కాకుండా గచ్చు మీద పెట్టాలి.

విప్పేటప్పుడు తాళం ఆపి, ముందు మైనస్, తర్వాత ప్లస్. ప్లస్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కి తగిలిందంటే నిప్పురవ్వలే. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. మరీ ముఖ్యంగా, ‘వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు వదలండి’ అని నాన్నగారికి చెప్పకండి. ఐడిల్‌లో ఎక్కేది చాలా తక్కువ, స్టార్టర్ తిన్నది కూడా సరిగా తిరిగి రాదు.

సందేహం: తిరిగొచ్చాక బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? బండికే ఉంచేస్తే క్లిప్పులు చాలా?

జవాబు: ఛార్జర్ తీసిన 12 గంటల తర్వాత 12.7 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, ఛార్జి పెట్టండి. రాత్రంతా ఎక్కించినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ పోయినట్టు, మార్చేయడమే. స్టార్టర్ నొక్కినప్పుడు 9.6 కిందికి పడినా నమ్మకం పెట్టుకోవద్దు.

క్లిప్పులు వద్దు, ఊడిపోతాయి. రింగు టెర్మినళ్ల వైరు బోల్టులకే బిగించి, ప్లస్ వైరులో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండేలా చూడండి, 5 ఆంపియర్లది చాలు. ఎప్పుడైనా లిథియం బ్యాటరీ వేయిస్తే ఈ ఛార్జర్ దానికి పెట్టకండి, లిథియం అని స్పష్టంగా రాసి ఉన్నదే కావాలి. సల్ఫేషన్ (సీసం బ్యాటరీ ప్లేట్ల మీద పేరుకునే గట్టి పొర) వదిలించే ‘రిపేర్’ మోడ్ ఉన్నవి అసలే వద్దు, ఆ ఎక్కువ వోల్టేజి లిథియం సెల్స్‌ని పాడుచేస్తుంది.