310 గంటల 2009 విమానమా, 1,150 గంటల 2014దా? (జక్కూరు ఎయిర్‌ఫీల్డ్, బెంగళూరు)

యలహంక గాలి: రెండు సెకండ్ హ్యాండ్ లైట్ స్పోర్ట్ విమానాలు అమ్మకానికున్నాయి. రెండిట్లోనూ రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్, 100 హార్స్‌పవర్. ఒకటి 2009ది, 310 గంటలే ఎగిరింది, ఎక్కువ కాలం హ్యాంగర్లోనే ఉంది. రెండోది 2014ది, ట్రైనింగులో 1,150 గంటలు తిరిగింది. ధర ఇంచుమించు ఒకటే. తక్కువ గంటలదే మేలని నా లెక్క. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

తోకచక్రం: కాదండీ. ఆ ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) గడువు 2,000 గంటలు లేదా 15 ఏళ్లు, ఏది ముందొస్తే అది. మీ 2009ది గంటల్లో పసిబిడ్డ, ఏళ్ల లెక్కలో గడువు దాటిపోయింది. రబ్బరు సామాను సంగతి సరేసరి: పెట్రోలు, ఆయిల్, కూలెంట్ గొట్టాలు, కార్బురేటర్ సాకెట్లు, డయాఫ్రమ్‌లు, ఫ్యూయల్ పంపు ఎగిరినా ఎగరకపోయినా అయిదేళ్లకోసారి మార్చాల్సిందే. లాగ్‌బుక్‌లో ఆ మార్పిడి మూడుసార్లు కనబడాలి. లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి కొయ్యండి. సిలిండర్ల లోపలి పూతకు తుప్పు భయం లేదు గానీ, నెలల తరబడి తిప్పకపోతే నూనె జారిపోయి క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు తుప్పెక్కుతాయి. బయటికి ఏమీ తెలియదు.

రెంచి మావ: ట్రైనింగ్ విమానాన్ని మరీ వెనకేసుకొస్తున్నారు తోకచక్రం గారూ. కొత్తగా నేర్చుకునేవాళ్లు దభీమని దింపిన ప్రతిసారీ దెబ్బ ముందు చక్రం కాలు మీదే పడుతుంది. అది బిగించిన చోట ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ముడతలు పడిందా చూడాలి. లోహపు బాడీ అయితే రివెట్ల చుట్టూ నల్లటి పొడి ఉందంటే అవి వదులైనట్టే. కాంపోజిట్ (రెజిన్‌తో అతికిన ఫైబర్ పొరలు) అయితే నాణెంతో తట్టండి, డొల్ల మోత వస్తే పొరలు విడిపోయాయని అనుమానించాలి. మెయిన్ గేర్ (ప్రధాన చక్రాల కాళ్లు) బోల్టులు విప్పి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇంజిన్ మార్చుకోవచ్చు, వంగిన బాడీతో ఏం చేస్తారు?

తోకచక్రం: బాడీ విషయం ఒప్పుకుంటా. ఇంజిన్ పరీక్ష మాత్రం రెండిటికీ చేయించాల్సిందే. వేడిగా ఉన్నప్పుడే లీక్‌డౌన్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూసే పరీక్ష) పెట్టండి: 6 బార్ గాలి, నష్టం 25 శాతం దాటకూడదు. దాటితే చెవి పెట్టి వినండి. సుయ్‌మని ఎగ్జాస్ట్ గొట్టంలో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ వైపయితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ ట్యాంకులోకయితే రింగులు. తర్వాత లోహపు పొడి ఉందేమోనని ఆయిల్లోని మాగ్నెటిక్ ప్లగ్గు తీసి చూడాలి, ఆయిల్ ఫిల్టరు కోసి కాగితం మడతలు విప్పాలి. కార్బురేటర్ ఫ్లోట్లు తూకం వేయండి. జత 7 గ్రాములు దాటిందంటే పెట్రోలు పీల్చుకుని మునుగుతున్నాయి, మిశ్రమం చిక్కబడి ఇంజిన్ దడదడలాడుతుంది. ఐడిల్ (ఊరకే తిరిగే వేగం) నిమిషానికి 1,400 చుట్ల కంటే తగ్గించి నడిపి ఉంటే గేర్‌బాక్సు విప్పించాలి. చూసే ఉత్సాహంలో ప్రొపెల్లర్ని వెనక్కి తిప్పకండి, ఆయిల్ దారిలోకి గాలి చేరుతుంది.

బంకు బాబాయ్: ఇంతసేపూ ఇంధనం మాటెత్తలేదు ఒక్కరూ! రోటాక్స్ ఒప్పుకునేది ఈ10 (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వరకే, మన బంకుల్లో పోసేది ఈ20 (ఇరవై శాతం). గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోలు పోసి గట్టిగా ఊపి నిలవనివ్వండి. కింది పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్టు, 25 దాటితే ఈ20కి దగ్గరే. కాంపోజిట్ ట్యాంకులైతే ఇథనాల్‌కి రెజిన్ మెత్తబడే ప్రమాదముంది, విమానం తయారీదారు మాన్యువల్ విడిగా చూడాలి.

యలహంక గాలి: మరి విమానాల పెట్రోలు, ఆవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ పోస్తే?

బంకు బాబాయ్: భేషుగ్గా పోయొచ్చు. కాకపోతే అందులో సీసం ఉంటుంది. ఎక్కువగా అదే వాడితే ఆయిల్, ఫిల్టర్ 50 గంటలకే, వీలైతే ఆయిల్ 25కే మార్చాలి. సీసం ఆయిల్ ట్యాంకు అడుగున బురదలా పేరుకుంటుంది, గేర్‌బాక్సు క్లచ్చుకీ మంచిది కాదు. పూర్తి సింథటిక్ ఆయిల్ ఆ సీసాన్ని మోసుకుపోలేదు, సెమీ సింథటిక్కే పోయండి. ఆ 1,150 గంటలూ ఏ ఇంధనంతో తిరిగిందో ముందు కనుక్కోండి.

రెంచి మావ: అడ్వాన్సు ఇచ్చేముందు ఇంకో మాట. అమ్మేవాళ్లు తెల్లారగానే చల్లగాలిలో ఎగరేసి చూపిస్తారు. జక్కూరు ఎత్తు దాదాపు 3,000 అడుగులు, 35 డిగ్రీల ఎండలో గాలి పలచబడి అది ఇంజిన్‌కి 6,000 అడుగులతో సమానం. 100 హార్స్‌పవర్లో అయిదో వంతు అక్కడే ఆవిరి. ట్రయలు మధ్యాహ్నం రెండింటికి పెట్టించండి, ఇద్దరూ ఎక్కి, ట్యాంకు నింపి.