పాత కొట్లాట కేసు: నేరం ఒప్పుకుని జరిమానా కట్టేయడమా, వకీలును పెట్టుకుని కొట్టివేయించుకోవడమా?

కొరిటెపాడు వాసి:
మా అన్నయ్య కొడుకు గుంటూరులో డిప్లొమా చదువుతుండగా, 2022లో క్రికెట్ ఆడే చోట జరిగిన కొట్లాటలో అతనిపై కేసు నమోదైంది. దెబ్బ తగిలిన కుర్రవాడితో ఎప్పుడో రాజీ అయిపోయింది గానీ, కేసు మేజిస్ట్రేటు కోర్టులో వాయిదాలు పడుతూనే ఉంది. అబ్బాయి ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడు. కోర్టు దగ్గర ఒకాయన "నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది" అన్నారు. ఇంకొకాయన డబ్బిస్తే స్టేషన్ రికార్డులోంచి పేరే తీయిస్తానన్నారు. ఇంత చిన్న కేసుకు వకీలు ఖర్చు అవసరమా?

మంగళగిరి మాస్టారు:
అవసరం లేదనే నా అభిప్రాయం. ఇరుపక్షాలూ రాజీపడ్డాక లోక్ అదాలత్‌లో కేసు ముగించుకోవచ్చు. అక్కడ కోర్టు రుసుము ఉండదు, అవార్డుపై, అంటే అక్కడి తీర్పుపై, అప్పీలూ ఉండదు. చిన్న గొడవలకు కూడా వేలకు వేలు ఫీజులు పోసి అప్పులపాలైన కుటుంబాలను చూశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

బ్రాడీపేట న్యాయవాది:
మాస్టారు గారి బాధ న్యాయమైనదే. అయితే ముందుగా తేల్చవలసినది ఫీజు సంగతి కాదు, ఈ కేసు ఏ కాగితంతో ముగుస్తుందన్నది. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్లే. ఆ రోజు ఇంటికి త్వరగా వెళ్లవచ్చు గానీ, ఆ తీర్పు ప్రతి ఉద్యోగ దరఖాస్తులోనూ ఎదురవుతుంది. మన దేశంలో పెద్దవారికి పడిన శిక్షను కొన్నేళ్ల తరువాత రికార్డు నుంచి చెరిపివేసే సాధారణ చట్టం లేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద (జైలుకు పంపకుండా, మంచి నడవడిక షరతుపై) విడుదలైనవారికి, శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటకుండా 12వ సెక్షన్ కొంత ఊరట ఇచ్చినా, దోషి అన్న నిర్ధారణ మాత్రం చెరిగిపోదు. ఇక స్టేషన్ రికార్డులోంచి పేరు తీయిస్తామనేవారిని దయచేసి దరి చేరనివ్వకండి. కోర్టులో ఉన్న కేసును డబ్బు తీసుకుని మాయం చేసే అధికారం ఎవరికీ లేదు.

రెండు విషయాలు చెప్పండి. ఘటన నాటికి అబ్బాయి వయసెంత? ఛార్జిషీటులో ఏ సెక్షన్లు ఉన్నాయి? పద్దెనిమిదేళ్లు నిండకపోయి ఉంటే మైనర్లకు నేర నిర్ధారణ వల్ల అనర్హత అంటకుండా చూసే 2015 నాటి బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ వర్తిస్తుంది, అప్పుడు దారి పూర్తిగా వేరు.

కొరిటెపాడు వాసి:
అప్పటికి పందొమ్మిది నిండాయండి. ఛార్జిషీటులో ఐపీసీ (అప్పటి భారత శిక్షాస్మృతి) 341, 323 తో పాటు 324 కూడా ఉంది. స్టంపుతో కొట్టాడని రాశారు.

బ్రాడీపేట న్యాయవాది:
చిక్కంతా ఆ 324 దగ్గరే ఉంది. దారికి అడ్డగించడమనే 341, మామూలుగా గాయపరచడమనే 323 సెక్షన్లను బాధితుడు ఒప్పుకుంటే కింది కోర్టులోనే రాజీ చేసుకోవచ్చు, ఆ రాజీకి నిర్దోషిగా విడుదలైనంత ఫలితం ఉంటుంది. ప్రమాదకర ఆయుధంతో గాయపరచడమనే 324 రాజీకి వీలైన నేరాల జాబితాలో ఇప్పుడు లేదు కనుక, లోక్ అదాలత్ దానిని ముగించలేదు. నేలపాడులోని హైకోర్టులో, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 482, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 528 సెక్షన్ కింద, బాధితుడి ప్రమాణపత్రం జతచేసి కొట్టివేత కోరాలి. ఇలాంటి వ్యక్తిగత గొడవలలో రాజీని చూసి కేసు కొట్టివేసే అధికారం హైకోర్టుకు ఉందని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది న్యాయమూర్తి విచక్షణే తప్ప మన హక్కు కాదు. ఈ పనికి వకీలు కావాలి.

సత్యనారాయణపురం, విజయవాడ:
కొట్టివేత వచ్చినంత మాత్రాన పోలీసు ఉద్యోగం ఖాయమని ఈ కుటుంబాన్ని నమ్మించడం నాకు సమ్మతం కాదు. పోలీసు నియామకాల్లో, నిర్దోషిగా విడుదలైన అభ్యర్థి పూర్వ చరిత్రను కూడా స్క్రీనింగ్ కమిటీ పరిశీలించవచ్చని 2013లో మెహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. సాక్షులు ఎదురుతిరగడం వల్లో, సందేహ లాభం వల్లో బయటపడటం వేరు, గౌరవప్రదంగా నిర్దోషి అనిపించుకోవడం వేరు. కేసులో సత్తువ లేకపోతే విచారణ జరిపించుకుని గెలవడమే మేలని నేనంటాను.

బ్రాడీపేట న్యాయవాది:
మీ హెచ్చరిక సరైనదే, ఆ మాట నేను ముందే చెప్పి ఉండవలసింది. అయినా దెబ్బ తగిలిన మాట నిజమైనప్పుడు, స్టంపు చూసిన సాక్షులున్నప్పుడు విచారణకు దిగడం పెద్ద పణం. ఓడితే శిక్షే మిగులుతుంది. నేనైతే కొట్టివేతకే వెళతాను. దరఖాస్తు ఫారంలో మాత్రం ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా అని అడిగితే, కేసు ముగిసినా సరే, అవునని రాసి ఉత్తర్వు నకలు జతచేయాలి. 2016 నాటి అవతార్ సింగ్ తీర్పు ప్రకారం ఉన్నది ఉన్నట్టు చెప్పినవారి విషయంలోనూ ఉద్యోగమిచ్చేవారు పూర్వ చరిత్ర చూసి ఆలోచించుకోవచ్చు, ఇచ్చి తీరాలని లేదు. దాచినవారికి మాత్రం, కేసు మరీ అల్పమైనదైతే తప్ప, పోరాడే అవకాశం బాగా తగ్గిపోతుంది.

మంగళగిరి మాస్టారు:
324 సంగతి తెలిశాక నా లోక్ అదాలత్ సలహాను ఉపసంహరించుకుంటున్నాను. ఫీజు సంగతైనా కాస్త చెప్పండి.

బ్రాడీపేట న్యాయవాది:
వకాలత్‌పై సంతకం పెట్టే ముందే మొత్తం ఫీజు, టైపింగు, నకళ్ల ఖర్చులు కాగితంపై రాయించుకోండి. "కేసు కొట్టేయిస్తేనే ఇంత ఇవ్వండి" అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు అనుమతించవు, కనుక అలా అడిగేవారిని పక్కన పెట్టండి. ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికీ, మహిళలకూ, ఆదాయ పరిమితికి లోబడినవారికీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. హైకోర్టు స్థాయిలోనూ ఆ సేవ ఉంది. ఉత్తర్వు వచ్చాక ధ్రువీకరించిన నకళ్లు రెండు తీసుకుని, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రసీదు అడగండి. వాళ్ల పుస్తకంలోనూ కంప్యూటర్‌లోనూ "పెండింగ్" అన్న మాట దానంతటదే మారదు, మనం వెంటపడాలి.

కొరిటెపాడు వాసి:
ముందుగా ఛార్జిషీటు, గాయాల ధ్రువపత్రం ధ్రువీకరించిన నకళ్లకు దరఖాస్తు పెడుతున్నాము. బాధితుడి తండ్రి గారితో ఈ ఆదివారం అన్నయ్య మాట్లాడతారు.