అప్‌డేట్: సిలిండర్ పడిన పాదంలో మంట తగ్గింది

గ్యాస్ సిలిండర్ పాదం మీద పడి నాలుగు నెలలైనా మంట, కరెంట్ షాక్ కొట్టినట్టు నొప్పి పోవట్లేదని అప్పట్లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘ఎక్స్‌రేలో ఎముక బాగుంటే నరం చూపించుకోండి’ అన్న సలహాయే పనికొచ్చింది.

న్యూరాలజిస్ట్ పాదం పైన వేలితో తట్టగానే బొటనవేలికీ, పక్క వేలికీ మధ్య జివ్వుమంది. అక్కడ డీప్ పెరోనియల్ నరం (పాదం పైనుంచి ఆ రెండు వేళ్ల మధ్యకి వెళ్లే నరం) వాపు వల్ల నొక్కుకుపోయిందట. రాత్రికి ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందు ఇచ్చారు, ఫిజియోథెరపీ చేయించారు. లేసులు బిగించే షూ మాన్పించారు, నాకు ఎక్కువ తేడా తెలిసింది అందులోనే. ఆరు వారాలకి దుప్పటి తగిలినా నిద్రపోగలుగుతున్నాను!

యూరిక్ యాసిడ్, బీ12 టెస్టులు నార్మల్, వాటితో సంబంధం లేదు. వేడి కాపడం నాకైతే మంట పెంచింది. తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. మందు ఒక్కసారిగా ఆపకూడదని డాక్టరే మెల్లగా తగ్గిస్తున్నారు.