‘మా కచ్చియున్న ప్రతివానిని’: లూకా 11:4లో ఈ మాట ఎక్కడ విరగాలి?

వాక్యపాఠకుడు:
లూకా సువార్త 11వ అధ్యాయంలోని ప్రభువు ప్రార్థన పైకి చదివేటప్పుడు దాదాపు అందరూ ఒకేచోట తడబడతారు. పాత అనువాదంలో ఇలా ఉంది: ‘మేము మా కచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక మా పాపములను క్షమించుము.’ ‘మా’ తర్వాత ఖాళీ ఉండటంతో అక్కడ ఆగి ‘కచ్చియున్న’ అంటున్నారు. వినేవాళ్లకేమో మా మీద కచ్చ పెట్టుకున్నవాడు అని తోస్తోంది. ఇంకొందరు అచ్చుతప్పు అనుకొని ‘మాకిచ్చియున్న’ అని దిద్ది మరీ చదువుతున్నారు. కుటుంబ ప్రార్థనలకు ఒక చదువు ప్రతి తయారవుతోంది. మాట ఎలా విడదీయాలి, కింద అర్థం ఏమని రాయాలి?

సంధికార్యం:
మాకు + అచ్చియున్న = మాకచ్చియున్న. ఉకార సంధి, అంతే. పాత ముద్రణల్లో సంధి కలిసిన హల్లును రెండో మాటకు అంటించి, ముందు ఖాళీ వదిలేవారు. ‘వారి కిచ్చెను’, ‘నా కేమియు’ లాంటివి ఆ ప్రతుల్లో కొల్లలు. వాటి దగ్గర ఎవరూ తడబడరు, ఎందుకంటే ఇచ్చు, ఏమి మనకు తెలిసిన మాటలు. అచ్చియుండు తెలియదు కాబట్టి కచ్చి పుట్టింది. తమాషా ఏమిటంటే చిన్నయసూరి సూత్రంలోనూ ఇదే చిక్కుంది: ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు సంధియగు’. అక్కడ కచ్చు ఏమిటని అడిగే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరుంటారు.

ఇక అర్థం. అచ్చియుండు అంటే బాకీపడి ఉండు. అచ్చులు హల్లులు అనేటప్పటి అచ్చుతో గానీ, అచ్చువేయడంతో గానీ దీనికి పనిలేదు. ‘మాకు అచ్చియున్నవాడు’ అంటే మాకు బాకీ ఉన్నవాడు. ‘వాడు నాకు వంద బాకీ’ అన్నప్పుడు నాకు అనేది అప్పిచ్చినవాణ్ణి చూపిస్తుంది కదా, ఇక్కడి మాకు కూడా అదే. ‘మాకిచ్చియున్న’ అని దిద్దితే వాక్యం తలకిందులవుతుంది: మనకు ఇచ్చినవాణ్ణే మనం పెద్దమనసుతో క్షమిస్తున్నట్టు!

కరీంనగర్ మాట:
మూడో పొరపాటు కూడా ఉంది. మా వైపు ‘వచ్చిండు’ను ‘అచ్చిండు’ అంటరు. కాబట్టి ‘మాకచ్చియున్న ప్రతివానిని’ అని సరిగ్గా చదివినా ఇక్కడి పెద్దవాళ్ల చెవికి ‘మాకాడికి వచ్చిన ప్రతివాణ్ణి’ అన్నట్టే పడుతది. ఆ అర్థంతో కూడా వాక్యం ఎంతో కొంత నిలబడుతది. అందుకే తప్పు బయటపడదు. చదువు ప్రతిల అర్థం రాసుడు తప్పనిసరి.

వాక్యపాఠకుడు:
మరి ఇది ఈ ఒక్క వచనంలోనే ఉందా?

సంధికార్యం:
కాదండీ, అదే బైబిల్లో చాలాచోట్ల ఉంది, అన్నీ లెక్కాడొక్కా సందర్భాలే. మత్తయి 18:24లో ‘పదివేల తలాంతులు అచ్చియున్న యొకడు’. ఆ బాకీని యజమాని వదిలేస్తాడు. అదే అధ్యాయం 28లో వాడే, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోడిదాసుని గొంతు పట్టుకొని ‘నీవు అచ్చియున్నది చెల్లింపుము’ అంటాడు. లూకా 16:5లో ‘ఎంత అచ్చియున్నావు’ అని గృహనిర్వాహకుడు ఋణస్థుణ్ణి అడుగుతాడు. రోమా 13:8లో ‘ఎవనికిని అచ్చియుండవద్దు’. నాకు ఎదురైన చోట్లన్నీ ‘అచ్చి’కి ‘ఉండు’ చేరిన రూపాలే. అప్పు ఒకసారి పడి, తీరేదాకా ఉండిపోతుంది కదా, ఆ రూపం దానికి బాగా అతికింది.

మత్తయి 18 లెక్క మాత్రం ఒకసారి వేసి చూడండి. తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. మొదటివాడి బాకీ 6 కోట్ల రోజుల కూలి, రెండోవాడిది 100 రోజుల కూలి. ఒకటికి ఆరు లక్షల తేడా. ప్రార్థనలో ఈ మాట వచ్చినప్పుడు ఆ ఇద్దరి కథ గుర్తురావాలంటే రెండుచోట్లా ఒకే క్రియ ఉండాలి. పాత అనువాదకులు దాన్ని నిలబెట్టారు.

మూలంతో పోల్చేవారు:
గ్రీకులోనూ ఆ పోలిక ఉంది, కాకపోతే మత్తయి, లూకా ఒకేలా చెప్పరు. మత్తయి 6:12లో రెండువైపులా అప్పే: ‘ఒఫెయిలేమాత’ అంటే అప్పులు, ‘ఒఫెయిలేతాయ్’ అంటే అప్పుపడ్డవారు. తెలుగులో అవే ‘ఋణములు’, ‘ఋణస్థులు’. లూకా మాత్రం దేవుని దగ్గర మనకున్నదాన్ని ‘హమార్తియాస్’, అంటే పాపాలు అంటాడు. మనకు ఎదుటివాడితో ఉన్నదాన్ని ‘ఒఫెయిలోంతి’, అంటే బాకీ ఉన్నవాడు అంటాడు. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో ‘హోబా’ అనే ఒక్క మాటకే అప్పు, పాపం రెండూ అర్థాలు కాబట్టి ఈ రెండు ప్రార్థనల వెనుక అదే ఉందని పండితులు చాలామంది అంటారు.

కాలాలు చూడండి. మత్తయిలో ‘అఫేకామెన్’, జరిగిపోయిన పని. తెలుగులో ‘క్షమించియున్న ప్రకారము’. లూకాలో ‘అఫియోమెన్’, జరుగుతున్న పని. తెలుగులో ‘క్షమించుచున్నాము గనుక’. ఇంత జాగ్రత్తగా చేసిన అనువాదాన్ని, ఒక క్రియ పాతబడిందని ‘మాకు తప్పు చేసినవారిని’ అని మార్చేస్తే లూకా వేరుచేసి చూపిన పాపము, బాకీ కలిసిపోతాయి.

జపమాల:
కతోలిక సంప్రదాయంలో ఈ ఇబ్బందే లేదండీ. పరలోక జపంలో ‘మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు మా అప్పులను మీరు మన్నించండి’ అని ఉంటుంది. ఋణం లేదు, అచ్చియుండటం లేదు, సూటిగా అప్పు. ఐదు దశకాల జపమాలలో ఈ జపం 6 సార్లు, మంగళవార్త జపం 53 సార్లు వస్తాయి. దివ్యపూజలో సత్ప్రసాదానికి ముందు మళ్లీ అందరూ కలిసి చెబుతారు. అన్నిసార్లు నోట నానిన మాటను ఎవరూ తప్పు పలకరు. మీకు లూకా పాఠం దగ్గర తడబాటు రావడానికి అసలు కారణం, మీరు రోజూ చెప్పేది మత్తయి పాఠం కావడమే. లూకాది చదివేటప్పుడే ఎదురవుతుంది.

వాక్యపాఠకుడు:
నిజమే. పైగా మీది ‘మీ నామము’, మాది ‘నీ నామము’. మేము మర్యాద తప్పామా అని అడిగేవాళ్లున్నారు.

జపమాల:
తప్పలేదు లెండి. శతకాలు రాసినవాళ్లంతా దేవుణ్ణి నీవనే కదా అన్నారు! గ్రీకులోనూ ఏకవచనమే. మా ‘ఇవ్వండి, మన్నించండి’ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడే తీరు.

మూలంతో పోల్చేవారు:
అర్థం రాసేటప్పుడు ఇంకో చిక్కు చూసుకోండి. ఇప్పటి తెలుగులో ‘మీకు ఋణపడి ఉంటాను’ అంటే కృతజ్ఞత. ఋణం తీర్చుకుంటాం, అపరాధం క్షమిస్తాం, బాకీ మాఫీ చేస్తాం. ‘ఋణములు క్షమించుము’ అనే జోడీ బైబిలు బయట పెద్దగా వినపడదు. రైతు చెవికి రుణమాఫీ అంటే చప్పున తెలుస్తుంది. కాబట్టి కింద ‘క్షమించుము: బాకీ వదిలేయి, మాఫీ చేయి’ అని కూడా వేయండి. మన్నించు అయితే కొంత నయం, తప్పుకూ సరిపోతుంది, బాకీకీ సరిపోతుంది.

వాక్యపాఠకుడు:
సరేనండీ, చదువు ప్రతిలో ఇలా పెడుతున్నాం. పాఠం మార్చం, ఖాళీ మాత్రం తీసేస్తాం: ‘మేము / మాకచ్చియున్న ప్రతివానిని / క్షమించుచున్నాము గనుక / మా పాపములను క్షమించుము’. గీత ఉన్నచోటే ఊపిరి. కింద: ‘మాకచ్చియున్న = మాకు + అచ్చియున్న, మాకు బాకీ ఉన్న’.

సంధికార్యం:
బాగుంది. ‘గనుక’ దగ్గర మాత్రం గొంతు దించకుండా చదవమనండి. అక్కడ దించితే వాక్యం అయిపోయినట్టుంటుంది, అసలు మనవి ఇంకా రానేలేదు.

కరీంనగర్ మాట:
మా దిక్కు పంపే ప్రతిల ‘వచ్చిన కాదు’ అని ఇంకో ముక్క కలపండి.